గోడకు పోవాల్సిన చెక్క

ముక్కల మేస్త్రీ ఇంట్లో చెక్కకు రెండే జాతులు. ఒకటి నోటి చెక్క, ఇంకోటి గోడ చెక్క.

గరిటెలు, చెంచాలు, ఉప్పు డబ్బాలు, పళ్ళొచ్చే పిల్లలు కొరుక్కునే బొమ్మలు నోటి చెక్కతోనే చెయ్యాలి. కొక్కేలకీ, ఫొటో చట్రాలకీ, తాళాలు తగిలించుకునే పలకలకీ గోడ చెక్క చాలు. ఏ ముక్క ఏ కుప్పలోకి పోవాలో తేల్చేది మేస్త్రీ కాదు, అతని భార్య.

ఫర్నిచర్ వర్క్‌షాపు నుంచి తుక్కు ముక్కల బస్తా రాగానే ఆవిడ పెరట్లో రేకుల షెడ్డు కింద పీట వేసుకుని కూర్చుంటుంది. పక్కన గిన్నెలో కాగిన నీళ్ళు, చేతిలో చిన్న ఉలి. ప్రతి ముక్కకూ ఒక మూల గాటు పెట్టి, ఆ గాటు మీద నాలుగు చుక్కలు వేడినీళ్ళు చిలకరించి, ముక్కు దగ్గరికి తీసుకుంటుంది. జిగురైనా, వార్నిషైనా, చెదల మందైనా చన్నీళ్ళకు పడుకునే ఉంటాయిగానీ వేడినీళ్ళకు లేచి కూర్చుంటాయని ఆవిడ నమ్మకం. కాస్త తేడా అనిపించినా సుద్దముక్కతో రెండు అడ్డగీతలు గీసి గోడ కుప్పలోకి విసిరేస్తుంది. ఎందుకని అడిగితే చెప్పదు. "ఏదో ఉంది" అంటుంది, అంతే.

మేస్త్రీకి వాసన తెలియదు. పద్దెనిమిదేళ్ళు అదే వర్క్‌షాపులో, కిటికీ లేని పాలిష్ గదిలో, మూతికి చేతిగుడ్డ కట్టుకుని బీరువాలకూ మంచాలకూ రంగు కొట్టాడు. ఒకనాడు ఇంట్లో పొయ్యి పక్కన మసిగుడ్డ అంటుకుని మాడుతుంటే, దాని పక్కనే కూర్చుని తీరిగ్గా పేపరు చదువుకుంటున్నాడు. పెరట్లోంచి పరుగెత్తుకొచ్చిన భార్య నీళ్ళు గుమ్మరించి, అతని మొహంకేసి చూసింది. "నీకు వాసన రావట్లేదా?" అంది. అప్పుడు తెలిసింది ఇద్దరికీ.

ఆ నెలే పాలిష్ గది మానేశాడు. చేతులున్నాయి, ఖాళీగా ఉంటే దురద. వర్క్‌షాపులో కోసి పారేసే ముక్కల్ని ఫోర్‌మన్‌ని అడిగి తెచ్చుకున్నాడు. నేర్పేవాడెవడూ లేడు. మొదటి ఆర్నెల్లూ చేసిన గరిటెల్లో సగం, కూర కలిపితే మెడ దగ్గర పుటుక్కున విరిగాయి. "మీ ఆయన గరిటె చేస్తే కూరలో కాడ ఏరుకోవాలి" అని ఇరుగుపొరుగు నవ్వారు. విరిగిన ప్రతి గరిటెనూ దాచి, రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూడగా చూడగా, చెక్క నార కాడ నుంచి గుంట దాకా తెగకుండా నడవాలని కళ్ళకు పట్టింది. ఎవరైనా చెప్పుంటే ఒక్క పూటలో అయ్యేది. ఆర్నెల్లు పట్టింది కాబట్టి మళ్ళీ మరిచిపోలేదు. మాటలతో నేర్చుకున్నది మాటల్లోనే ఉంటుందని, చేత్తో నేర్చుకున్నదే చేతిలో ఉంటుందని అతనికి అప్పట్నుంచీ గట్టి పట్టుదల.

ఆ పట్టుదలే అతన్ని ముంచింది.

ఆదివారం సంతలో ఓ మూల నాలుగడుగుల బల్ల వాళ్ళది. చేసేది అతను, అమ్మేది ఆవిడ. ఎవరైనా గరిటె చేతిలోకి తీసుకుంటే చాలు, "నా ముక్కు దాటి వచ్చిన సరుకమ్మా, కళ్ళు మూసుకుని గిన్నెలో పెట్టుకో" అనేది. కొన్నేళ్ళకు అదే వాళ్ళ బోర్డు అయిపోయింది. "ముక్కావిడ గరిటెలు" అని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. కాడలోని నునుపు, గుంట అంచు పలచన, గిన్నె అంచుకు తగిలించుకునేందుకు వెనక తీసిన చిన్న గాడి, ఇవేవీ ఎవరూ అడగరు. ముక్కు గురించే అడుగుతారు.

పక్క బల్ల గొడుగులు బాగుచేసే అతనిది. ఆవిణ్ణి అక్కా అంటాడు కాబట్టి మేస్త్రీని బావా అంటాడు. బావ అన్నాక ఎగతాళికి లైసెన్సు దొరికినట్టే.

"బావా, నాకో అనుమానం" అన్నాడు ఒక ఆదివారం, ఊచ వంచుతూ. "గరిటె చేసేది నువ్వు, పేరేమో అక్కది. నీ ముక్కు కూడా అక్క మొహం మీదే ఉందంట కదా. ఇంతకీ నీకంటూ ఏం మిగిలింది?"

చుట్టుపక్కల నలుగురూ నవ్వారు. భార్య కూడా నవ్వింది. మేస్త్రీ కూడా నవ్వాడు. నవ్వాడుగానీ ఆ మాట పేడులా వేలి కొసలో దిగింది. పైకి కనిపించదు, తగిలినప్పుడల్లా సలుపుతుంది.

ఆ వారమే పాత సామాన్ల యార్డులో అతనికి ఆ చెక్క దొరికింది. ఏదో పాత కట్టడం పడగొడితే వచ్చిన గుమ్మం అడుగు కమ్మి, అంటే గడప చెక్క. పైన మట్టి, సున్నం, మేకుల తుప్పు. మూల గీరి చూస్తే లోపల తేనె రంగు, దాని మీద నల్లటి చారలు, ఏటి ఇసుక మీద నీళ్ళు వెనక్కు తీసినట్టు. ఇన్నేళ్ళ బస్తాల్లో అలాంటి నార అతను చూడలేదు. భుజం మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు.

భార్య గాటు పెట్టింది. నీళ్ళు చిలకరించింది. వాసన చూసింది. ఇంకోచోట గాటు పెట్టి మళ్ళీ చూసింది. సుద్దముక్క తీసుకుంది.

"ఆగు" అన్నాడు మేస్త్రీ. "ఆ చార చూడు ఒకసారి."

"చార చూసే ఆలోచిస్తున్నా. కానీ ఏదో ఉంది."

"ఏముంది?"

"ఏదో ఉంది. గోడకు పనికొస్తుంది, అంత అందమైంది. మంచి చట్రం చెయ్యి."

రెండు గీతలూ గీసి గోడ కుప్పకు ఆనించి లోపలికి వెళ్ళిపోయింది. మేస్త్రీ అలాగే నిలబడ్డాడు. గోడకు తగిలించే చట్రంలో ఆ నార ఏం నడుస్తుంది? నాలుగు ముక్కలుగా తెగిపోతుంది. అది గరిటె కోసం పుట్టిన నార. పద్దెనిమిదేళ్ళు చెక్కకు మందూ రంగూ పట్టించినవాడు. ఏ మందైనా పైపైనే ఉంటుంది, పావంగుళం తీసేస్తే లోపల పచ్చి పాలలాంటి చెక్క అని తనకు తెలియదా? ముక్కు ఒక్కటేనా, చేతికి తెలివి లేదా?

రెండ్రోజులు ఆ కమ్మి చుట్టూ తిరిగాడు. మూడో రోజు భార్య పెద్దమ్మాయి ఇంటికి వెళ్ళింది. అమ్మాయి ఇల్లు నాలుగు వీధుల అవతలే. వెళితే సాయంత్రానికిగాని రాదు. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు. అందుకే ఆ రోజే రంపం తీశాడు. తర్వాత ఎన్నిసార్లు తనకు తాను సర్దిచెప్పుకోవాలని చూసినా, ఈ ఒక్కచోట మాత్రం నోరు పెగిలేది కాదు. చెడ్డ పని కాదనుకున్నవాడు, ఆమె లేని రోజు కోసం ఎందుకు చూసినట్టు?

పావంగుళం కాదు, నాలుగు వైపులా అంతకు రెట్టింపు తీశాడు. సుద్దగీతలున్న చివర మాత్రం మేకు ఉందని కోసి పక్కన పడేశాడు. ఆరు గరిటెలు వచ్చాయి. గుంట తవ్వి, గాజుపెంకుతో గీకి, తడిపి, లేచిన నూగును గరుకు కాగితంతో దించి, మళ్ళీ తడిపి, మళ్ళీ దించి, ఆఖర్న నూనె పట్టించాడు. నూనె తగలగానే చారలు లేచి నిలబడ్డాయి. తన చేత్తో అంతకుముందెప్పుడూ అంత మంచి వస్తువు చెయ్యలేదని అతనికి తెలుసు. ఆ క్షణంలో తప్పు చేశానన్న ఊహ కూడా లేదు. అదే తర్వాత మరీ బాధపెట్టింది.

సాయంత్రం భార్య వచ్చి చూసింది. ఒకటి తీసి చెంపకు ఆనించుకుంది.

"ఇదెక్కడి చెక్క? మొన్నటి కమ్మి చారలా ఉందే."

"ఆ కమ్మిని యార్డుకే తిరిగిచ్చేశా. ఇది వర్క్‌షాపు బస్తాలోదే. నోటి కుప్ప అడుగున ఉంది."

"నేను చూసిందేనా?"

"నువ్వు చూడకుండా నోటి కుప్పలోకి ఎలా వస్తుంది?" అన్నాడు.

ఆదివారం పొద్దెక్కకముందే అయిదు పోయాయి. రెండు టైలరు తీసుకున్నాడు, ఒకటి తనకు, ఒకటి చెల్లెలికి. ఒకటి లెక్కల టీచరు. ఒకటి మిల్లు క్యాంటీన్లో వంటచేసే ఆవిడ. ఒకటి, నమ్మండి నమ్మకపొండి, గొడుగాయన. "బావా, ఇన్నాళ్ళకు నీ చెయ్యి కనపడింది" అన్నాడు. ఆరోది మేస్త్రీ టీకి వెళ్ళొచ్చేసరికి బల్ల మీద లేదు. ప్రతి ఒక్కరికీ భార్య అదే మాట చెప్పింది, "నా ముక్కు దాటి వచ్చిన సరుకు."

అంత గిరాకీ చూసి అలాంటి కమ్మి ఇంకోటి ఉందేమోనని పదిరోజుల తర్వాత మేస్త్రీ మళ్ళీ యార్డుకు వెళ్ళాడు.

"ఆ గుమ్మం జోడీయా?" అన్నాడు యార్డు యజమాని. "పారేశాను. ఎవరూ ముట్టుకోరు. పురుగుమందుల గోడౌనుది కదా! డబ్బాలు కారీ కారీ ఇరవయ్యేళ్ళు తాగింది ఆ చెక్క. అవునూ, నువ్వు దాన్నేం చేశావ్? గేటుకు కొట్టుకున్నావా?"

మేస్త్రీ పక్కనున్న పాత తలుపు మీంచి చెయ్యి తీసేశాడు.

"ఊఁ. గేటుకే" అన్నాడు.

రంగు కొట్టిన చెక్క వేరు, ఇరవయ్యేళ్ళు నానిన చెక్క వేరు. పావంగుళం లెక్క దానికి వర్తించదు. నార సన్నగా, నిడుపుగా ఉన్న చెక్క వత్తిలా తాగుతుంది. అంత అందంగా ఉందని తను మురిసిపోయింది ఆ నారను చూసే. ఇంటిదాకా నడిచాడుగానీ దారి చూసింది లేదు. ఆరు గరిటెలు. ఆరు ఇళ్ళ పొయ్యిల మీద, ఈ వేళప్పుడు, ఉడికే కూరల్లో తిరుగుతున్నాయి.

నిజం చెప్పి తెచ్చుకుంటే పొయ్యేది. కానీ నిజం చెబితే భార్య చెవిన పడుతుంది. తెచ్చేసుకుంటే చాలుగా, ఎలా తెచ్చుకుంటే ఏం అనుకున్నాడు. మర్నాడు మంచి నోటి చెక్కతో చేసిన గరిటెలు సంచిలో వేసుకుని బయల్దేరాడు.

"కాడ దగ్గర చిన్న పొరపాటుంది, విరుగుతుంది. కొత్తది తీసుకోండి" అన్నాడు టైలరుతో. టైలరు సూది పళ్ళ మధ్య పెట్టుకుని, "నువ్వు అమ్మిందాన్ని నువ్వే వచ్చి మార్చడమేంటయ్యా, నేను కుట్టిన చొక్కాలన్నీ ఇలా మార్చడం మొదలుపెడితే ఊళ్ళో సగంమంది ఒంటిమీద గుడ్డ ఉండదు" అని నవ్వి, లోపలికి కేకేసి రెండూ తెప్పించాడు. లెక్కల టీచరు ఇచ్చేస్తూ, "ఇంత నిజాయితీ ఎక్కడా చూళ్ళేదు మేస్త్రీ గారూ" అంది. ఆ మాటకు చెంపదెబ్బ తగిలినట్టు తల తిప్పుకున్నాడు. గొడుగాయన ఇంకా వాడనే లేదు. మేకుకు తగిలించి వచ్చినవాళ్ళకు చూపిస్తున్నాడు.

క్యాంటీను ఆవిడ దగ్గర బండి ఆగిపోయింది.

"ఇవ్వను" అంది. ముప్పై మందికి సరిపడే గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉంది. "నీ కొత్తది నువ్వే ఉంచుకో అన్నా. ఇది నా చేతికి అలవాటైంది."

"విరుగుతుందమ్మా."

"విరిగినప్పుడు చూద్దాం."

"పోనీ రెండిస్తాను."

"ఒకటి అడగడానికొచ్చి రెండిస్తానంటున్నావంటే ఏదో ఉంది. ఏంటది?" అని పొయ్యి తగ్గించి నడుం మీద చెయ్యి వేసుకుంది.

మేస్త్రీ కళ్ళు గిన్నెలో తిరిగే గరిటె మీదే ఉన్నాయి. గుంట అంచున నూనె మెరుస్తోంది.

"ఆ చెక్కలో మందుంది" అన్నాడు. "పురుగుమందు. నాకు నిన్ననే తెలిసింది."

ఆవిడ గరిటె వదిలేసింది. అది గిన్నెలో సగం మునిగి ఆగింది. కాసేపటికి రెండు చేతులతో గిన్నె ఎత్తి, కాలువ దగ్గరికి మోసుకెళ్ళి, అంతా బోర్లించింది. ముప్పై మంది తిండి. వెనక్కి వచ్చి గరిటెను అతని కాళ్ళ ముందు పడేసింది.

"పదిరోజులు పెట్టాను నేను దీంతో. మొన్న ఇద్దరు కడుపునొప్పని సెలవు పెట్టారు. ఎండకేమో అనుకున్నా. ఇప్పుడు ఎండదా, నీదా, ఎవర్నడగను?" అంది. "మీ ఆవిడ వాసన చూశానంది కదయ్యా, అంత గొప్పగా! అంటే ఆవిడ ముక్కు తప్పిందన్నమాట."

మేస్త్రీ నోరు తెరిచాడు. కాదు అనడానికి ఒక్క మాట చాలు. వంగి గరిటె తీసుకున్నాడు. వంగినప్పుడు తల కిందకు ఊగింది. ఆవిడ దాన్ని అవునన్నట్టే తీసుకుంది. అతను సరిచెయ్యలేదు.

ఇంటికొచ్చి అయిదు గరిటెలూ పొట్టు డబ్బా వెనక దాచాడు. ఇంకొకటి మిగిలింది. భార్య పెరట్లో గిన్నెలు బోర్లిస్తోంది.

"మొన్న ఆ చారల గరిటెలు... ఆరోది ఎవరు కొన్నారు?" అన్నాడు, ఎటో చూస్తూ.

"కొనడమేంటి? పెద్దదానికి పంపాను. అంత మంచివన్నీ పరాయివాళ్ళకేనా? బుడ్డోడికి జావ దాంతోనే కలుపుతోందట. వాడికి పళ్ళొస్తున్నాయిగా, కాడ వదలడట, కొరుకుతూ కూర్చుంటున్నాడట. 'తాత గరిటె చేశాడా, పీక చేశాడా' అని నవ్వుతోంది నీ కూతురు."

మేస్త్రీ గబగబా చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

"ఏమైందయ్యా?"

"ఆ చెక్కలో విషముంది" అన్నాడు. "పద."

భార్య చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "నేను చూశాను కదా" అంది, చిన్న గొంతుతో. "నోటి కుప్పలోది కదా. అయితే నా ముక్కే..." అని ఆగింది. ఆమె మొహంలో ఏదో కూలిపోవడం అతనికి కనిపించింది. ఇప్పుడైనా చెప్పాలి. "పద ముందు" అన్నాడు.

నాలుగు వీధులూ ఆమె ముందు, అతను వెనక. వెళ్ళేసరికి మనవడు చాప మీద కూర్చుని ఉన్నాడు, రెండు చేతులతో గరిటె పట్టుకుని, కాడ నోట్లో పెట్టుకుని. కాడ కొసన నాలుగు చిన్న పళ్ళ గాట్లు. మేస్త్రీ లాక్కుంటే వాడు గుక్కపట్టి ఏడ్చాడు. అమ్మాయి వంటింట్లోంచి వచ్చి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"నా వల్లేనే" అంది భార్య, వాణ్ణి ఎత్తుకుని. "నా ముక్కు తప్పింది. నా చేత్తో నేనే పంపాను."

డాక్టరు పిల్లాడి కళ్ళు, నాలుక, పొట్ట చూసింది. రక్తం తీయించింది. ఎన్నాళ్ళుగా అని అడిగితే పదిరోజులని అమ్మాయి చెప్పింది. మర్నాడు రిపోర్టు చూసి, "ఇప్పటికి బాగానే ఉన్నాడు. ఇలాంటివి వెంటనే తెలియకపోవచ్చు. కనిపెట్టుకుని ఉండండి" అంది డాక్టరు. బాగానే ఉన్నాడన్న మాట అమ్మాయికి వినపడింది. తెలియకపోవచ్చన్న మాట మేస్త్రీకి వినపడింది.

తర్వాత రెండు రోజులు భార్య షెడ్డు వైపు రాలేదు. మూడో రోజు పొద్దున షెడ్డులోంచి చెక్క మీద సుద్ద గీస్తున్న చప్పుడు వచ్చింది. చాలాసేపు వచ్చింది. మేస్త్రీ వెళ్ళి చూశాడు. ఆవిడ నోటి కుప్ప ముందు కూర్చుని ఉంది. ఒక్కొక్క ముక్కే తీసుకుంటోంది. గాటు పెట్టట్లేదు, నీళ్ళు చల్లట్లేదు, వాసన చూడట్లేదు. రెండు గీతలు గీసి గోడ కుప్పలోకి వేస్తోంది. మచ్చలేని పచ్చి ముక్కలు, నెలల క్రితం ఆవిడే ఏరి పెట్టినవి, అన్నిటి మీదా గీతలే.

"అవి మంచివే" అన్నాడు.

"నాకెలా తెలుస్తుంది?" అంది ఆవిడ, తల ఎత్తకుండా. "క్యాంటీను ఆవిడ బజార్లో కనపడి మొహం తిప్పుకుంది. తిప్పుకోదూ మరి! నీకు వాసన తెలీదని నీ బదులు నేను చూస్తానన్నాను. గొప్పలు పోయాను. కళ్ళు మూసుకుని పెట్టుకోమన్నాను. అందరూ మూసుకున్నారు."

ఇంకో ముక్క తీసుకుంది. గీసింది. వేసింది.

మేస్త్రీ షెడ్డు మూలకు వెళ్ళాడు. పనికిరాని కొసలు వేసే డబ్బాలో, అడుగు దాకా చెయ్యి పెట్టి వెతికాడు. మేకు ఉందని ఆ రోజు కోసి పడేసిన చివర అక్కడే ఉంది. తెచ్చి ఆమె ముందు నేల మీద పెట్టాడు. తేనె రంగు, నల్ల చారలు. వాటి మీద రెండు సుద్దగీతలు, ఒక కొస రంపానికి తెగిపోయి.

ఆవిడ దాన్ని చూసింది. చేతిలోకి తీసుకుని, గీత మీద వేలు పెట్టింది.

"గీత నాది" అంది.

"నీదే."

"నేను గీశాను."

"గీశావు. నేను కోశాను. నువ్వు పెద్దదాని ఇంటికి వెళ్ళిన రోజు. క్యాంటీను ఆవిడ నీ ముక్కు తప్పిందంటే కాదనలేదు. నువ్వు నీ కూతురితో నా వల్లే అంటుంటే పక్కనే నిలబడి విన్నాను."

ఆవిడ కళ్ళు మూసుకుంది. గుండెల నిండా ఒక ఊపిరి తీసి వదిలింది. ఆ ఊపిరిలో కోపం లేదు. అంతకుముందు మూడు రోజులుగా మోస్తున్నదేదో దిగిపోయిన ఊపిరి అది. తన మీద అరుస్తుందని సిద్ధపడ్డ మేస్త్రీకి, అది తట్టుకోవడమే కష్టమైంది. కోపం తర్వాత వచ్చింది.

"ఎందుకు?" అంది.

"ఆ నార గరిటె కోసం పుట్టిందనిపించింది."

"అది నార మాట. నీ మాట చెప్పు."

"అందరూ నీ ముక్కు గురించే అంటారు" అన్నాడు.

"ఓ! అదా?" ఆవిడ లేచింది. "నా ముక్కుతో పోటీకి దిగావా? వాడి కడుపు పణంగా పెట్టి?" ఆ ముక్కను అతని చేతిలో పెట్టింది. "లే. చెప్పులేసుకో. టైలరుకి ఏం చెప్పావ్?"

"కాడ విరుగుతుందని."

"టీచరుకి?"

"అదే."

"పద. నేను గుమ్మం బయట నిలబడతాను. నువ్వు లోపలికెళ్ళి చెప్పు. నాకు వినపడేలా చెప్పు."

అలాగే జరిగింది. టైలరు ఈసారి జోకు వెయ్యలేదు. అక్కడికక్కడే చెల్లెల్ని పిలిచి, పిల్లల్ని డాక్టరుకు చూపించమన్నాడు. లెక్కల టీచరు విని, "మొన్న మిమ్మల్ని నిజాయితీపరుడన్నాను" అని తలుపు వేసుకుంది. క్యాంటీను ఆవిడ వాకిట్లోకి వచ్చి, మేస్త్రీని దాటి వెళ్ళి, భార్య చెయ్యి పట్టుకుంది. "క్షమించక్కా, నిన్ను తిట్టుకున్నాను" అంది. అతనితో ఏమీ అనలేదు. సెలవు పెట్టిన ఇద్దరూ పనిలోకి వచ్చేశారని మాత్రం గోడకు చెబుతున్నట్టు చెప్పింది. పెద్దమ్మాయి అంతా విని, "అమ్మ గీసిందని తెలిసే కోశావా నాన్నా?" అని ఒక్కటే అడిగింది. తెలిసే అన్నాడు. అప్పట్నుంచి అమ్మాయి నాన్నతో మాట్లాడుతుంది. మనవణ్ణి మాత్రం ఒళ్ళో ఇచ్చేటప్పుడు వాడి చేతిలో ఏముందో ఒకసారి చూసి ఇస్తుంది. వాడు బాగా తింటాడు, ఆడతాడు. ఎప్పుడైనా కడుపు పట్టుకుని ఏడిస్తే మాత్రం మేస్త్రీ చేతిలో ఉలి ఆగిపోతుంది.

ఆరు గరిటెలనూ కాల్చడానికి లేదు, పొగ ఇంకా చెడ్డది. ఇంకెవరికీ పనికిరాకుండా ఆరింటి గుంటల్లోనూ మేస్త్రీ బరమాతో వేలు దూరేంత రంధ్రం చేశాడు. తను చేసినవాటిలో అన్నిటికన్నా మంచి పనిని తన చేత్తోనే తొలిచాడు. భార్య ఒక్కోదాని మీదా రెండు గీతలు గీసింది. ఒకటి మాత్రం సంతకు తెచ్చి, బల్ల వెనక కర్రకు, చెయ్యి అందనంత ఎత్తున కట్టించింది.

ఆవిడ మళ్ళీ వాసన చూస్తోంది. గాటు పెడుతుంది, నీళ్ళు చిలకరిస్తుంది. కానీ సంతలో ముక్కు మాట ఎత్తడం మానేసింది. సంగతంతా విన్న గొడుగాయన కూడా ఇప్పటికీ బావా అంటాడుగానీ ఊచ వంచుతూ ఊరుకుంటాడు.

మొన్న ఆదివారం ఒక కొత్త జంట బల్ల ముందు ఆగింది. అమ్మాయి గరిటెలన్నీ తిరగేసి, తలెత్తి వెనక వేలాడేదాన్ని చూసింది.

"అదెంత? ఆ చారలది? ఎంత బాగుందో!"

భార్య మేస్త్రీ వైపు తిరిగి చూసింది. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు అడుగుతారు, ప్రతిసారీ ఆవిడ అలాగే చూస్తుంది.

మేస్త్రీ గరుకు కాగితం పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"అది అమ్మేది కాదమ్మా" అన్నాడు. "మా ఆవిడ వద్దని గీత గీస్తే, నేను వినకుండా చేసిన గరిటె అది. ఏం జరిగిందో చెబుతాను. విన్నాక మిగతావి కొనాలో వద్దో మీ ఇష్టం."